పట్టాలో పేరు లేనివాళ్ల లెక్క ఎవరు రాస్తారు?

(భూసేకరణ చట్టానికి రాష్ట్రాలు చేసిన సవరణలపై జిల్లా సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన అంశం భూవినియోగ చట్టాలు. ఈ మాట వినగానే అందరి నోటా వచ్చే ప్రశ్న ఒకటే. ఎకరాకు ఎంత ఇస్తారు? అధికారులు ఊళ్లోకి వచ్చినా ఆ లెక్కతోనే మొదలుపెడతారు. పత్రికలు రాసేదీ అదే. ఆ ప్రశ్న తప్పని నేననను. భూమి పోయేవాడికి ధర దక్కాలి. కానీ దానికంటే ముందు అడగాల్సిన ప్రశ్నలు మూడున్నాయి. ఈ భూమే ఎందుకు? ఇంత భూమి ఎందుకు? దీని మీద బతికేవాళ్లు ఎందరు? ఈ మూడూ అడిగే హక్కు మనకు 2013లో చట్టంగా వచ్చింది. ఆ తర్వాత ఐదేళ్లు తిరక్కుండానే రాష్ట్రాల సవరణలతో చాలా పనుల విషయంలో అది చేజారింది. ఎలా చేజారింది, దానివల్ల ఎక్కువ నష్టపోయేది ఎవరు, ఇంకా మన చేతిలో మిగిలింది ఏమిటి అన్నది చెప్పడానికే ఈ మాటలు.

ఒక మడి, ఎన్ని కుటుంబాలు?

కాలువ కింద పదెకరాల మాగాణి ఉందనుకుందాం. పట్టా ఒక్కరి పేరు మీద ఉంది. ఆయన పట్నంలో ఉంటాడు. ఆ పదెకరాలూ ఇద్దరు కౌలుకు చేస్తున్నారు. ఎకరాకు ఇన్ని బస్తాలని పంట మీద కట్టేది వాళ్లే. విత్తనం, ఎరువు, వడ్డీ అన్నీ వాళ్ల నెత్తిమీదే. నాట్లకూ కలుపుకూ వచ్చే ఆడకూలీలు పది, పదిహేనుమంది ఉంటారు. ఆ ఊళ్లో ట్రాక్టరు నడిపేవాడు, గట్ల మీద గడ్డి కోసుకుని గేదెను మేపుకునే ఆమె, కోతలయ్యాక బాతులు తోలుకొచ్చేవాడు కూడా ఆ మడి మీద కొంతైనా ఆధారపడ్డవాళ్లే.

ఇప్పుడు అడంగల్, వన్ బీ తీసి చూడండి. పట్టాదారు గళ్లో ఒకే ఒక్క పేరు కనిపిస్తుంది. కాగితం చూసి నిర్ణయం తీసుకునేవాడికి ఆ పదెకరాల మీద ఉన్నది ఒక కుటుంబం. ఊళ్లోకి వచ్చి చూసేవాడికి ఇరవై కుటుంబాలు. భూవినియోగ చట్టాల మీద జరిగే గొడవంతా ఈ రెండు లెక్కల మధ్యనే ఉంది.

2013 చట్టం ఏం చెప్పింది?

అంతకుముందు మనకున్నది 1894లో బ్రిటిషువాళ్లు పెట్టిన భూసేకరణ చట్టం. ప్రజావసరం అని ప్రభుత్వం ఒక మాటంటే చాలు, అభ్యంతరాలు వినడం చాలాసార్లు ఒక తంతుగా ముగిసేది. అత్యవసరం అని రాస్తే ఆ తంతూ ఉండేది కాదు. దేశమంతా రైతులు, ఆదివాసులు ఏళ్ల తరబడి పోరాడిన తర్వాత 2013లో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. 2014 జనవరి 1 నుంచి అది అమల్లోకి వచ్చింది.

ఆ చట్టంలో పరిహారం పెరిగిన మాట నిజమే. మార్కెట్ విలువను గ్రామీణ ప్రాంతాల్లో 1 నుంచి 2 వరకు గుణించి, దానికి నూటికి నూరు శాతం సొలేషియం కలపాలన్నారు. కానీ దాని అసలు బలం రెండో అధ్యాయంలోనూ మూడో అధ్యాయంలోనూ ఉంది.

రెండో అధ్యాయం సామాజిక ప్రభావ అంచనా గురించి. నోటిఫికేషన్ ఇవ్వకముందే, గ్రామసభతో పంచాయతీతో సంప్రదించి, ఆరు నెలల్లో అధ్యయనం పూర్తి చేయాలి. ఆ పని నిజంగా ప్రజావసరమేనా, ఎన్ని కుటుంబాలు దెబ్బతింటాయి, అడుగుతున్న భూమి కనీస అవసరానికి మించి ఉందా, వేరే చోటు చూశారా అన్నవి అందులో తేలాలి. ఊళ్లో బహిరంగ విచారణ జరగాలి. నివేదికను మన భాషలో ప్రచురించాలి. దాన్ని పరిశీలించడానికి ఒక నిపుణుల సంఘం ఉంటుంది. అందులో ప్రభుత్వంతో సంబంధం లేని సామాజిక శాస్త్రవేత్తలు ఇద్దరు, గ్రామం నుంచి ప్రతినిధులు ఇద్దరు ఉండాలి. ఈ పని వద్దు అని చెప్పే అధికారం ఆ సంఘానికి ఉంది. కాదని ప్రభుత్వం ముందుకుపోవాలంటే కారణం రాతపూర్వకంగా చెప్పాలి. ప్రైవేటు కంపెనీ కోసమైతే 80 శాతం, ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యమైతే 70 శాతం మంది సమ్మతి కావాలి. ఆ సమ్మతి తీసుకునే పని కూడా ఈ అధ్యయనంతో పాటే జరగాలన్నారు.

మూడో అధ్యాయం ఆహార భద్రత గురించి. రెండు మూడు పంటలు పండే నీటివసతి ఉన్న భూమిని తీసుకోకూడదు. మరో దారి లేనప్పుడే, రాష్ట్రం పెట్టుకున్న పరిమితికి లోబడి తీసుకోవాలి. అలా తీసుకున్నప్పుడు అంతే విస్తీర్ణంలో సాగుకు పనికొచ్చే బంజరును అభివృద్ధి చేయాలి, లేదంటే ఆ భూమి విలువను వ్యవసాయం మీద పెట్టడానికి జమ చేయాలి. రైలు మార్గాలు, రహదారులు, కాలువలు, కరెంటు లైన్ల లాంటి పొడవాటి పనులకు మాత్రం ఈ రక్షణ వర్తించదు.

ఈ చట్టంలో మనవాళ్లు తరచూ చూడకుండా వదిలేసే మాట ఇంకొకటుంది. ప్రభావిత కుటుంబం అంటే పట్టాదారు ఒక్కడే కాదు. ఆ ప్రాంతంలో మూడేళ్లుగా పనిచేస్తూ, ఈ సేకరణతో ప్రధాన జీవనాధారం పోయే కౌలుదారులు, పాలికి చేసేవాళ్లు, వ్యవసాయ కూలీలు, చేతివృత్తులవాళ్లు కూడా ప్రభావిత కుటుంబాలే. కౌలు రైతు తానూ రైతునేనని చెప్పుకోవడానికి చట్టం ఇంత స్పష్టంగా చోటిచ్చిన సందర్భాలు తక్కువ.

ముందు తలుపు ఎలా మూశారు?

చట్టం వచ్చి ఏడాది నిండకుండానే, 2014 డిసెంబర్ 31న కేంద్రం ఆర్డినెన్స్ తెచ్చింది. ఐదు రకాల పనులకు సామాజిక ప్రభావ అంచనా, సమ్మతి, ఆహార భద్రత నిబంధనలు అక్కర్లేదన్నది. రైతు సంఘాలన్నీ ఒక్కటై ఎదిరించాయి. ఆర్డినెన్స్‌ను మళ్లీ మళ్లీ జారీ చేసి, చివరికి 2015 ఆగస్టు 31న దాన్ని కాలం చెల్లిపోనిచ్చారు. గెలిచామనుకున్నాం. గెలిచింది ఢిల్లీలో మాత్రమే.

భూమి రాష్ట్ర జాబితాలోని అంశం. భూసేకరణ మాత్రం ఉమ్మడి జాబితాలో ఉంది. కేంద్ర చట్టానికి భిన్నంగా రాష్ట్రం చట్టం చేసి రాష్ట్రపతి ఆమోదం తెచ్చుకుంటే, ఆ రాష్ట్రం వరకు అదే చెల్లుతుంది. ఆ దారిలో తమిళనాడు ముందే నడిచింది. ఆ తర్వాత గుజరాత్, తెలంగాణ, జార్ఖండ్, మహారాష్ట్ర, ఆంధ్రప్రదేశ్ వరుసగా నడిచాయి. మన దగ్గర 2018లో, తెలంగాణలో 2017లో సవరణ చట్టాలు అమల్లోకి వచ్చాయి. పార్లమెంటులో నెగ్గని ఆర్డినెన్స్ అంశాలే 10ఏ అనే సెక్షన్‌గా వచ్చి కూర్చున్నాయి.

ఆ సెక్షన్ ప్రకారం రక్షణ అవసరాలు, విద్యుదీకరణతో సహా గ్రామీణ మౌలిక వసతులు, పేదల ఇళ్లు, పారిశ్రామిక కారిడార్లు, ప్రభుత్వ యాజమాన్యంలో ఉండే మౌలిక వసతులు అనే ఈ పనులకు ప్రభుత్వం గెజిట్‌లో ఒక ప్రకటన ఇచ్చి రెండు, మూడు అధ్యాయాలను పక్కన పెట్టొచ్చు. ఈ ఐదింటిలో పట్టని పని ఏముందో మీరే ఆలోచించండి.

ఇక్కడ నిజం నిజంగా చెప్పుకోవాలి. సవరణ వల్ల పరిహారం పోలేదు. పునరావాసం పోలేదు. పోయింది ముందు అడిగే హక్కు. అంటే ఎంత ఇస్తారు అన్న ప్రశ్న మిగిలింది, ఎందుకు అన్న ప్రశ్న పోయింది. ధర గురించి మాట్లాడగలిగేది పట్టా ఉన్నవాడు. ఎందుకు అని అడిగే చోట మాత్రం పట్టా లేనివాడికీ కుర్చీ ఉండేది. కాబట్టి సవరణ దెబ్బ అందరికీ ఒకేలా తగల్లేదు. పట్టాదారుకు బేరమాడే బలం తగ్గింది. కౌలుదారుకు, కూలికి అయితే అసలు చోటే పోయింది.

పదకొండు నెలల కార్డు, మూడేళ్ల రుజువు

మూడేళ్లుగా పనిచేస్తున్నట్టు రుజువు అడుగుతుంది 2013 చట్టం. మన రాష్ట్రంలో కౌలు రైతుకు ఉన్న ఆధారం 2019 చట్టం కింద ఇచ్చే పంట సాగుదారు హక్కు పత్రం. దాని గడువు 11 నెలలు. దానికి యజమాని అంగీకారం కావాలి. భూమి మీద పేరు ఎక్కడ పడుతుందోనన్న భయంతో సంతకం పెట్టని యజమానులు ప్రతి ఊళ్లో ఉన్నారు. అంటే మూడేళ్లు రుజువు కావాలంటే కౌలు రైతు మూడుసార్లు యజమాని గుమ్మం తొక్కాలి. మూడుసార్లూ ఆయన మంచి మనసు మీదే ఆధారపడాలి. కౌలు సాగు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మనది ముందు వరుసలో ఉంది. అలాంటి చోట సాగుచేసేవాడు కాగితం మీద లేకపోవడం చిన్న లోపం కాదు.

తెలంగాణలో పరిస్థితి మరో రకం. 2018లో మొదలైన రైతుబంధు పట్టాదారుకే వెళ్లింది, కౌలుదారుకు కాదు. 2020లో తెచ్చిన హక్కుల రికార్డు చట్టంతో ధరణి వచ్చాక అనుభవదారు గడి రికార్డులోంచి కనిపించకుండా పోయింది. సాగు చేసేది ఎవరో చెప్పే గడి లేనప్పుడు, సేకరణ రోజున కౌలు రైతు తన ఉనికిని దేనితో చూపిస్తాడు?

జరిగినవి చూస్తే

ఇదంతా ఊహ కాదని చెప్పడానికి మూడు అనుభవాలు చాలు.

మొదటిది తెలంగాణ 123వ జీవో. 2015 జూలైలో వచ్చింది. ప్రాజెక్టులకు కావలసిన భూమిని పట్టాదారుల దగ్గర నేరుగా కొనే పద్ధతి అది. అమ్మేవాడికి డబ్బు వచ్చింది. ఆ భూమి మీద కూలి చేసేవాడి మాటేమిటి? అప్పటి మెదక్ జిల్లాకు చెందిన వ్యవసాయ కూలీలు హైకోర్టుకు వెళ్లారు. 2016 ఆగస్టులో ఏకసభ్య ధర్మాసనం ఆ జీవోను కొట్టేసింది. ఆ తర్వాత అప్పీళ్లు, కొత్త జీవోలు, చివరికి సవరణ చట్టం వచ్చాయి. ఆ కేసు వేసింది భూస్వాములు కాదు, సెంటు భూమి లేనివాళ్లు. అది మనం మరవకూడదు.

రెండోది అమరావతి. అక్కడ జరిగింది సేకరణ కాదు, సమీకరణ. 29 గ్రామాల్లో 33 వేల ఎకరాలకు పైగా రైతులు ఇచ్చారు. ఎకరా ఇచ్చిన పట్టాదారుకు వెయ్యి గజాల నివాస స్థలం, దానితో పాటు మెట్టకు 250, జరీబుకు 450 గజాల వాణిజ్య స్థలం అన్నారు. పదేళ్లపాటు ఏటా మెట్టకు 30 వేలు, జరీబుకు 50 వేలతో మొదలుపెట్టి కౌలు ఇస్తామన్నారు. భూమి లేని కుటుంబాలకు మొదట నెలకు 2,500 రూపాయల పింఛను పెట్టారు. ఏడాదికి రెండు మూడు పంటలు తీసే జరీబు నేలలో కూరగాయలు, అరటి కౌలుకు పండించుకున్నవాడికి ప్లాటులో వాటా లేదు. 2019 డిసెంబర్ తర్వాత రాజధాని మాటే మారినప్పుడు, భూమిచ్చిన పట్టాదారులు కూడా రోడ్డెక్కాల్సి వచ్చింది. 2022 మార్చిలో హైకోర్టు రైతుల పక్షాన తీర్పిచ్చింది. తీర్పు వచ్చినంత మాత్రాన అభివృద్ధి చేసిన ప్లాట్లు వెంటనే చేతికి రాలేదు. సమీకరణలో చేరిన రైతు భూమి యజమానిగా ఉండడు, ప్రభుత్వం మాట మీద ఆధారపడ్డ భాగస్వామిగా మారతాడు. ఆ మాట నిలబెట్టే కట్టుబాటు చట్టంలో ఎంత గట్టిగా ఉందో సంతకానికి ముందే చూసుకోవాలి.

మూడోది శ్రీకాకుళం జిల్లా సోంపేట. అక్కడి బీల నేలల్లో థర్మల్ విద్యుత్ కేంద్రం పెట్టాలనుకున్నారు. ఆ బీలలో చేపలు పట్టుకునేవాళ్లు, పశువులు మేపుకునేవాళ్లు, ఆ నీళ్లతో మడులు తడుపుకునేవాళ్లు వేలమంది. కాగితం మీద మాత్రం చాలా భాగం ప్రభుత్వ భూమి. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయారు. అదే రోజున జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. ఆ నేల మీద ఎవరు బతుకుతున్నారన్న లెక్క ముందే, ఊరి మధ్య కూర్చుని తీసి ఉంటే ఆ ప్రాణాలు పోయేవి కావు. సామాజిక ప్రభావ అంచనా అనే నిబంధనకు అర్థం అదే.

అవతలివాళ్ల మాట కూడా వినాలి

మన సమావేశంలో మనకు నచ్చే మాటలే చెప్పుకుంటే లాభం లేదు. ఈ సవరణలు కోరేవాళ్లు చెప్పే కారణాలున్నాయి. అధ్యయనం, విచారణ, నిపుణుల సంఘం అన్నీ అయ్యేసరికి ఏళ్లు పడుతుందని, ఈలోగా పరిశ్రమ పక్క రాష్ట్రానికి పోతుందని అంటారు. చదువుకున్న మన పిల్లలకు ఉద్యోగాలు కావాలి గదా అంటారు. ఇల్లులేని పేదవాడికి స్థలం ఎక్కడినుంచి తేవాలంటారు. ఇవి కొట్టిపారేసే మాటలు కావు. మన పిల్లలూ ఉద్యోగాల కోసమే తిరుగుతున్నారు. మన ఊళ్లోనే రెండు మూడు కుటుంబాలు ఒకే ఇంట్లో సర్దుకుంటున్నాయి.

మనలోనే ఇంకో మాట ఉంది. దాన్ని దాచుకోవద్దు. గిట్టుబాటు ధర లేక, అప్పులు తీరక, మంచి ధర వస్తే అమ్మేసి బయటపడాలనుకునే పట్టాదారులు ఈ హాల్లోనే ఉన్నారు. ఆ కోరిక నేరం కాదు. వ్యవసాయం కూడు పెట్టనప్పుడు భూమిని పట్టుకుని వేలాడమని చెప్పే హక్కు ఎవరికీ లేదు. కానీ అమ్మాలనుకునే పట్టాదారు హక్కు, బతకాలనుకునే కౌలుదారు హక్కు ఢీకొన్నప్పుడు సంఘం ఎక్కడ నిలబడాలి? ఇద్దరి మధ్యా నిలబడాలి. పట్టాదారు ధర తీసుకుంటున్నప్పుడు కౌలుదారు పేరు కూడా జాబితాలోకి ఎక్కాలని అడగాలి. దానివల్ల పట్టాదారుకు వచ్చే పరిహారంలో ఒక్క రూపాయి తగ్గదు. రెండూ చట్టంలో వేర్వేరు పద్దులు. ఈ సంగతి మన పట్టాదారులకు విడమరిచి చెప్పగలిగితే సగం పేచీ అక్కడే తీరుతుంది.

ఇక ఆలస్యం సంగతి. అధ్యయనానికి చట్టం ఇచ్చిన గడువు ఆరు నెలలు. ఆ ఆరు నెలలు మిగుల్చుకోవడానికి పోయి, కోర్టుల్లో ఆరేళ్లు, పదేళ్లు నడుస్తున్న పనులు ఎన్ని లేవు? ఊరిని ముందు అడిగితే ఆలస్యం తగ్గుతుంది తప్ప పెరగదు.

పక్క రాష్ట్రాలు ఏం చేశాయి?

భూవినియోగం మీద రాష్ట్రం చేసే చట్టం ఎప్పుడూ రైతుకు వ్యతిరేకంగానే ఉండాలని లేదు. కేరళలో 1970ల మధ్యలో దాదాపు 8.8 లక్షల హెక్టార్లుండే వరి సాగు తర్వాతి దశాబ్దాల్లో రెండు లక్షల హెక్టార్ల దగ్గరికి పడిపోయింది. అప్పుడు 2008లో వరి పొలాల, చిత్తడి నేలల సంరక్షణ చట్టం చేశారు. పొలాన్ని పూడ్చాలంటే స్థానిక పర్యవేక్షణ కమిటీ చూడాలి. పంచాయతీ అధ్యక్షుడు దానికి అధ్యక్షుడు, వ్యవసాయ అధికారి కన్వీనర్. రైతుల ప్రతినిధులు ముగ్గురు ఉంటారు. ఏది వరి పొలమో చెప్పే జాబితా ప్రచురించాలి. 2020 నుంచి వరి పొలాన్ని పొలంగా ఉంచుకున్న యజమానికి హెక్టారుకు ఏడాదికి 2,000 రూపాయల చొప్పున రాయల్టీ ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ మొత్తం చిన్నదే. 2018లో ఆ చట్టానికీ సడలింపులు వచ్చాయి. అయినా పొలాన్ని పొలంగా ఉంచడం సమాజానికి చేసే మేలని, దానికి సమాజం ఎంతోకొంత చెల్లించాలని ఒప్పుకున్న చట్టం అది.

మన దగ్గర 2006 నాటి నాలా చట్టం వ్యవసాయ భూమిని వేరే పనికి మార్చాలంటే అనుమతి తీసుకుని పన్ను కట్టమంది. అందులో ప్రశ్న పన్ను కట్టారా లేదా అన్నదే. ఆ మడి పోతే కింద ఆయకట్టుకు నీళ్లెలా పోతాయి, మురుగు ఎటు పోతుంది అన్నది కాదు. ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం దాన్ని కూడా ఎత్తివేయాలని 2025లో నిర్ణయించింది. మార్పిడి సులువు కావాలని కోరేవాళ్ల గొంతు ప్రభుత్వానికి వినిపించింది. పొలం మధ్య లేఅవుటు పడి బోదె పూడిపోయినవాడి గొంతు కూడా వినిపించాలి.

కర్ణాటకలో బెంగళూరు విమానాశ్రయం పక్కనున్న దేవనహళ్లిలో 13 గ్రామాల్లో 1,777 ఎకరాలు పరిశ్రమల కోసం తీసుకుంటామన్నారు. రైతులు, దళితులు, కూలీలు కలిసి మూడేళ్లకు పైగా కూర్చున్నారు. 2025 జూలైలో ప్రభుత్వం ఆ సేకరణను విరమించుకుంది. స్వచ్ఛందంగా ఇచ్చేవాళ్ల దగ్గరే తీసుకుంటామన్నది. మన రాష్ట్రంలో భూయాజమాన్య హక్కుల చట్టం, అదే ల్యాండ్ టైట్లింగ్ చట్టం, 2024లో రద్దయింది. అంటే వచ్చిన చట్టాన్ని వెనక్కి పంపడం అసాధ్యమేమీ కాదు.

మన చేతిలో మిగిలినవి

ఇప్పుడు పనికొచ్చే మాటలు చెబుతాను. రాసుకోండి.

ఒకటి. 10ఏ కింద మినహాయింపు ఇచ్చినా 16వ సెక్షన్ అలాగే ఉంది. ప్రాథమిక నోటిఫికేషన్ తర్వాత పునరావాస అధికారి ప్రభావిత కుటుంబాల సర్వే, జనగణన చేయాలి. భూమిలేని వాళ్లు పోగొట్టుకునే జీవనోపాధిని కూడా అందులో రాయాలి. ముసాయిదా మీద ఊళ్లో బహిరంగ విచారణ జరగాలి. కౌలుదారు, కూలి పేరు ఎక్కడానికి మిగిలిన తలుపు ఇదే. సర్వేకు వచ్చిన రోజున సంఘం మనిషి పక్కన ఉండాలి. మన జాబితా ముందే తయారై ఉండాలి.

రెండు. నోటిఫికేషన్ వచ్చిన 60 రోజుల్లో 15వ సెక్షన్ కింద అభ్యంతరం రాతపూర్వకంగా ఇవ్వాలి. పట్టాదారే ఇవ్వాలని లేదు. కౌలుదారు, ఆ భూమి మీద ప్రధాన జీవనాధారం ఉన్నవాడు కూడా చట్టం ప్రకారం ప్రయోజనం ఉన్న వ్యక్తే. ఇచ్చిన కాగితానికి రసీదు తీసుకోండి.

మూడు. చట్టం అడిగేది ఆ ప్రాంతంలో మూడేళ్లు పనిచేసిన రుజువు. ఒకే చేను మూడేళ్లు చేశారా అని కాదు. కాబట్టి ఏడాదికో చేను మారినా భయం లేదు. ప్రతి ఏడాదీ సాగుదారు పత్రం తీసుకోవడానికి ప్రయత్నించండి. ఈ-పంటలో మీ పేరు ఎక్కించుకోండి. ధాన్యం అమ్మిన రసీదు, ఎరువు బిల్లు, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఏదీ పారేయకండి.

నాలుగు. ఒప్పంద పత్రం మీద, ఖాళీ సమ్మతి ఫారం మీద సంతకం పెట్టకండి. చదివించుకుని, నకలు తీసుకున్నాకే పెట్టండి. ధరకు ఒప్పుకుని సంతకం పెట్టాక పెంపు అడిగే దారి దాదాపు మూసుకుపోతుంది. అవార్డు ప్రకారం డబ్బు తీసుకునేటప్పుడు అభ్యంతరంతో తీసుకుంటున్నానని రాసి తీసుకోండి. అలా రాయకపోతే 64వ సెక్షన్ కింద అథారిటీకి వెళ్లే హక్కు పోతుంది. అవార్డు ఇచ్చిన రోజున మీరు అక్కడుంటే ఆరు వారాల్లోనే దరఖాస్తు చేయాలి.

ఐదు. జాతీయ రహదారి అంటే వేరే చట్టం. దానికి సామాజిక ప్రభావ అంచనా ఉండదు. కానీ పరిహారం, పునరావాసం 2013 చట్టం ప్రకారమే రావాలి. ఆ చట్టం రెండో షెడ్యూలులో పునరావాస లెక్కలున్నాయి. ఉద్యోగం, లేదా కుటుంబానికి ఒకేసారి 5 లక్షలు, లేదా నెలకు 2,000 చొప్పున 20 ఏళ్ల పింఛను అని అందులో రాసి ఉంది. ఆ కాగితం ప్రతి గ్రామ కమిటీ దగ్గర ఉండాలి.

మనం అడగాల్సింది

ఈ సమావేశం తరపున ప్రభుత్వం ముందు నాలుగు డిమాండ్లు పెట్టాలని ప్రతిపాదిస్తున్నాను. 10ఏ కింద మినహాయింపు ఇచ్చే ప్రతి పనికీ, గెజిట్ ప్రకటనకు ముందే, గ్రామసభలో ప్రభావిత కుటుంబాల జాబితా చదివి వినిపించాలి. సాగుదారు పత్రానికి యజమాని సంతకం అడ్డు కాకూడదు, గ్రామసభ విచారణే చాలు అనాలి. ప్రతి జిల్లాలో మాగాణి ఎంత వరకు తీసుకోవచ్చో పరిమితి ప్రకటించాలి, ఇప్పటికే ఎంత పోయిందో పక్కనే చూపాలి. తీసుకుని ఐదేళ్లు వాడకుండా పడేసిన భూమిని యజమానికి తిరిగివ్వడమో, ల్యాండ్ బ్యాంకులో కలపడమో చేయవచ్చని 101వ సెక్షన్ చెబుతోంది. ఆ ఎంపిక ప్రభుత్వానికి వదలకుండా రైతుకే ఇవ్వాలి. దున్నే కౌలుదారు ఉంటే ఆయనకూ సాగు అవకాశం దక్కాలి.

వచ్చే నెల సమావేశానికి వచ్చేటప్పుడు ప్రతి గ్రామ కమిటీ ఒక నోటుబుక్కు తేవాలి. అందులో ఊరి పొలాలు సర్వే నంబరు వారీగా, ఒక్కో నంబరు మీద పట్టాదారు ఎవరు, దున్నేది ఎవరు, కూలికి పోయేది ఎవరు అన్నది రాసి ఉండాలి. ప్రభుత్వం లెక్క తీయకపోతే మన లెక్క మనం తీసుకుందాం. నోటిఫికేషన్ వచ్చిన రోజున ఆ పుస్తకం బల్ల మీద పెడితే, ఈ భూమి మీద ఒకే కుటుంబం ఉందని ఏ అధికారీ రాయలేడు.